భాష కూడ ఒక చదువే

శీతకాలం వచ్చిందంటే ఒమాన్ దేశానికి ఐరోపా ఖండం నుండి యాత్రికులు గుంపులు గుంపులుగా వస్తారు. మత్రా బజారులోను, నిజ్వా కోటలోను, జబల్ అఖ్దర్ కొండదారులలోను మీరు వారిని చూచే ఉంటారు. ఆ గుంపు ముందు తెల్లని దిష్‌దాషా ధరించి, తలకు కుమ్మా పెట్టుకొని, ఒక ఒమానీ యువకుడు నడుస్తూ ఉంటాడు. బురుజులను చూపుతాడు, ఫలజ్ కాలువలో నీరు ఎలా పారుతుందో చెబుతాడు. కొంచెం చెవియొగ్గి వినండి. అతడు మాట్లాడేది అరబ్బీ కాదు, ఇంగ్లీషూ కాదు. చాలాసార్లు అది జర్మను భాష అయి ఉంటుంది.

ఆ యువకుడు ఆ భాషను ఎక్కడ నేర్చుకున్నాడు? నాలుగు వాక్యాలు బట్టీపట్టి వచ్చాడా? లేక సంవత్సరాల తరబడి కూర్చుండి చదివాడా? లెక్కలు, వైద్యం, ఇంజనీరింగు చదివినట్లుగా ఒక భాషను కూడ కళాశాలలో ముఖ్య విషయంగా చదువవచ్చునా? చదివితే ఏమి నేర్పుతారు? ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకుందాం.

జర్మను ఎక్కడి భాష?

జర్మనీ, ఆస్ట్రియా దేశాలలోను, స్విట్జర్లాండులో ఎక్కువ భాగంలోను ప్రజలు జర్మను మాట్లాడుతారు. లీక్టెన్‌స్టైన్ అనే చిన్న రాజ్యంలో అదే అధికార భాష. లక్సెంబర్గు, బెల్జియం దేశాలలో అది అధికార భాషలలో ఒకటి. మొత్తం మీద సుమారు పది కోట్లమందికి అది మాతృభాష. జర్మనులు తమ భాషను ‘డాయిచ్’ అని పిలుచుకుంటారు. తెలుగును మనం తెలుగు అంటే పూర్వం పాశ్చాత్యులు ‘జెంటూ’ అన్నట్లే, ఒక భాషకు ఇంటిపేరు వేరు, ఇరుగుపొరుగు పెట్టిన పేరు వేరు.

ఒమాన్‌లో నిజ్వా పట్టణానికి సమీపంలో బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరున్నది. అరటి చెట్ల చెరువు అని ఆ పేరుకు అర్థం. అక్కడ 2004లో బోధన ప్రారంభించిన నిజ్వా విశ్వవిద్యాలయం ఉన్నది. అందులోని విదేశీ భాషల శాఖలో జర్మను కూడ బోధిస్తారు. మస్కట్‌కు పడమటి దిక్కున హల్బాన్‌లో ఒమాన్ జర్మను సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నది. అది 2007లో స్థాపించబడినది. జర్మనీలోని ఆఖెన్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయంతో దానికి సంబంధం. అక్కడ శాస్త్ర విషయాలను ఇంగ్లీషులోనే బోధిస్తారు. కనుక రెండింటికీ భేదం గమనించండి: ఒకచోట భాషే చదువు, రెండవచోట చదువు వేరు, భాష దానికి తోడు.

మీలో చాలామంది పన్నెండవ తరగతి తరువాత స్వదేశానికి వెళ్ళి చదువుతారు. మన హైదరాబాదులోనే ఈ చదువుకు పేరుపొందిన సంస్థ ఒకటున్నది. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా అది మొదలైనది. ఇతర భాషలు కూడ చేర్చి 1972లో దాని పేరును కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థగా మార్చారు. 2007 నుండి అది ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణం ప్రక్కనే ఉన్న ఈ విద్యాలయంలో జర్మను భాషను బి.ఎ., ఎం.ఎ. పట్టాలకు ముఖ్య విషయంగా చదువవచ్చు.

తెలుగు తెలిసినవానికి జర్మను

జర్మను కష్టమైన భాష అని లోకంలో ఒక మాట ఉన్నది. కాని తెలుగు వ్యాకరణం చక్కగా చదివిన విద్యార్థికి అందులో చాలా సంగతులు పాత చుట్టాలవలె కనిపిస్తాయి. కొన్నింటిని చూద్దాం.

మొదటిది విభక్తులు. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారు జర్మను విభక్తులను చూచి బెదరిపోతారు. జర్మనులో విభక్తులు నాలుగు. అవి దాదాపు మన ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి విభక్తులకు సరిపోతాయి. ‘లేరర్’ అంటే గురువు. గురువు అనడానికి ‘డేర్ లేరర్’, గురువును అనడానికి ‘డేన్ లేరర్’, గురువుకు అనడానికి ‘డేమ్ లేరర్’, గురువు యొక్క అనడానికి ‘డెస్ లేరర్స్’ అంటారు. మనం మాట చివర ప్రత్యయం చేర్చుతాం. వారు మాటకు ముందున్న చిన్న పదాన్ని మార్చుతారు. చేసే పని ఒక్కటే. డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని మీరు తెలుగు తరగతిలో వల్లించినది ఇక్కడ అక్కరకు వస్తుంది.

రెండవది లింగం. జర్మనులో ప్రతి నామవాచకానికి లింగమున్నది: పుంలింగం, స్త్రీలింగం, నపుంసక లింగం. బల్లకు, కిటికీకి, చెంచాకు కూడ లింగం తప్పదు. విచిత్రమేమిటంటే ‘మేడ్‌షెన్’ అనే మాటకు ఆడపిల్ల అని అర్థం. కాని ఆ మాట నపుంసక లింగం! ఇది విని ఇంగ్లీషువారు నవ్వుతారు. మనం నవ్వడానికి వీలులేదు. తెలుగులో ‘రాముడు వచ్చాడు’ అంటాం. ‘సీత వచ్చింది’ అంటాం. ‘బండి వచ్చింది’ అని కూడ అంటాం. సీతకూ, బండికీ ఒకే క్రియ! ఏకవచనంలో మహతీవాచకం అమహద్వాచకంతో పాటు నడుస్తుందని మన వ్యాకరణం చెబుతున్నది కదా. అలాగే ‘షెన్’ అనే ప్రత్యయం చేరి చిన్నదనాన్ని తెలిపే మాటలన్నీ జర్మనులో నపుంసక లింగమే. ప్రతి భాషకు తనదైన ఇంటి కట్టుబాటు ఉంటుంది.

ఒమాన్‌లో పెరుగుతున్న మీకు మరొక సంగతి సులభంగా తెలుస్తుంది. మనకు సూర్యుడు, చంద్రుడు ఇద్దరూ పురుషులే. జర్మనులో సూర్యునికి ‘జొన్నె’ అని పేరు, అది స్త్రీలింగం. చంద్రునికి ‘మోన్ట్’ అని పేరు, అది పుంలింగం. అరబ్బీలో కూడ ‘షమ్స్’ అనే సూర్యుడు స్త్రీలింగం, ‘కమర్’ అనే చంద్రుడు పుంలింగం. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు భాషలు ఇక్కడ ఒకే త్రోవ తొక్కినవి.

మూడవది అంకెలు. ఇరవై ఒకటి అని మనం పెద్ద అంకెను ముందు చెబుతాం. జర్మనులు ‘ఐన్ ఉన్ట్ ట్స్వాన్‌ట్సిష్’ అంటారు. ఒకటియును ఇరవై అని దాని అర్థం. అరబ్బీలో ‘వాహిద్ వ ఇష్రూన్’ అన్నా అదే. సంస్కృతంలో ఏకవింశతి అన్నా అదే వరుస. పంచవింశతి, అష్టావింశతి అనే మాటలు విన్న పిల్లవానికి ఈ పద్ధతి కొత్త కాదు.

నాలుగవది సమాసాలు. రెండు మాటలను అతికించి కొత్త మాట చేయడంలో జర్మనులు మనకు తీసిపోరు. ‘హాండ్’ అంటే చేయి. ‘షూ’ అంటే జోడు. ‘హాండ్‌షూ’ అంటే చేతికి వేసుకొనే తొడుగు. వ్రేలి టోపీ అనే అర్థంలో ‘ఫింగర్‌హూట్’ అంటారు. అది కుట్టుపనిలో సూది గుచ్చుకోకుండ వ్రేలికి పెట్టుకొనే తొడుగు. రోగుల ఇల్లు అనే అర్థంలో ‘క్రాంకెన్‌హౌస్’ అంటే ఆసుపత్రి. డాలు గల కప్ప అనే అర్థంలో ‘షిల్డ్‌క్రోటె’ అంటే తాబేలు. వీటికి విగ్రహవాక్యాలు చెప్పడం మీకు చేతనవును. రాజభవనం అంటే రాజు యొక్క భవనం అని చెప్పగలవాడు క్రాంకెన్‌హౌస్‌ను విడదీయలేడా?

ఐదవది మన్నన. ఇంగ్లీషులో తాతగారిని, తమ్ముణ్ణి ఒకే మాటతో పిలుస్తారు. జర్మనులో దగ్గరివారిని ‘డూ’ అనీ, పెద్దలను, క్రొత్తవారిని ‘జీ’ అనీ అంటారు. ‘జీ’ అనే ఈ మాట ‘వారు’ అనే బహువచనం నుండి వచ్చినది. మన నువ్వు, మీరు అనే భేదం వంటిదే ఇది. ఎవరిని ఎప్పుడు ఎలా పిలువవలెనో తెలియకపోతే ఎన్ని మాటలు వచ్చినా పరాయివాడుగానే మిగిలిపోతాడు.

చివరికి వాక్య నిర్మాణం. జర్మను మాటల వరుస మొదట ఇంగ్లీషువలె కనిపిస్తుంది. కాని ‘ఎందువలననగా’ అనే అర్థం గల మాటతో ఉపవాక్యం మొదలుపెడితే క్రియ వాక్యాంతానికి పోతుంది. ‘నేను జర్మను నేర్చుకుంటున్నాను’ అనే వాక్యంలో క్రియను చివర ఉంచడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఈ పోలికలను చూచి రెండు భాషలు ఒక తల్లి బిడ్డలని అనుకోకండి. అవి వేరు వేరు కుటుంబాలకు చెందినవి. ఆ సంగతి ఎలా తెలిసిందో ఇప్పుడు చూద్దాం.

మాటల వంశవృక్షం

భాషను పట్టాకు చదివేవారు దాని చరిత్ర కూడ చదువుతారు. ఈ క్రింది మాటలను చూడండి. జర్మనులో తల్లిని ‘ముట్టర్’ అంటారు, సంస్కృతంలో మాతృ. తండ్రిని ‘ఫాటర్’ అంటారు, సంస్కృతంలో పితృ. సోదరుణ్ణి ‘బ్రూడర్’ అంటారు, సంస్కృతంలో భ్రాతృ. కూతురిని ‘టోఖ్టర్’ అంటారు, సంస్కృతంలో దుహితృ. మూడు ‘డ్రై’, ఎనిమిది ‘అఖ్ట్’, తొమ్మిది ‘నోయిన్’. సంస్కృతంలో త్రి, అష్ట, నవ. పేరుకు ‘నామె’, మనకు తెలిసిన నామమే!

ఈ పోలికలు కాకతాళీయం కావు. ఫ్రాన్జ్ బోప్ అనే జర్మను పండితుడు 1816లో సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిను, పారసీక, జర్మను భాషల క్రియలతో పోల్చి ఒక గ్రంథం ప్రకటించాడు. ఈ భాషలన్నీ ఒకే మూలం నుండి పుట్టినవని అది చూపింది. చిత్రంగా అదే 1816లో మద్రాసులో మరొక మంచి పని జరిగినది. కాంబెల్ అనే ఇంగ్లీషు అధికారి రచించిన తెలుగు వ్యాకరణంలో ఎల్లిస్ అనే మరొక అధికారి ఒక వ్యాసం చేర్చాడు. తెలుగు, తమిళం, కన్నడం మొదలైనవి సంస్కృతం నుండి పుట్టినవి కావనీ, అవి వేరే కుటుంబమనీ ఆయన నిదర్శనాలతో నిరూపించాడు. తల్లి, తండ్రి, అన్న, చెల్లి అనే మన అచ్చతెలుగు మాటలు ఆ కుటుంబానివి. మాత, పిత, నామం అనేవి సంస్కృతం నుండి తెచ్చుకున్నవి. కనుక తెలుగు విద్యార్థి చేతిలో రెండు తాళపుచెవులు ఉన్నట్లు లెక్క.

ఇలా పరిశోధించిన జర్మనులలో మాక్స్ ముల్లర్ పేరు మనదేశంలో అందరూ ఎరుగుదురు. ఆయన 1823లో డెస్సౌ నగరంలో పుట్టాడు. ఇంగ్లండులోని ఆక్సుఫర్డులో ఉండి, సాయణ భాష్యంతో కూడిన ఋగ్వేదాన్ని 1849 నుండి 1874 వరకు ఆరు సంపుటాలుగా ప్రకటించాడు. ఆయన భారతదేశానికి ఒక్కసారి కూడ రాలేదు! మనదేశంలో జర్మను నేర్పే గేటే సంస్థలకు ఆయన పేరుతో మాక్స్ ముల్లర్ భవనం అనే పేరున్నది.

సాహిత్యం, చరిత్ర

మాటలు, వ్యాకరణం వచ్చిన తరువాత విద్యార్థి సాహిత్యంలో అడుగుపెడతాడు. మీకు తెలిసిన కథలే ఎన్నో అక్కడ ఎదురవుతాయి. ఎర్ర టోపీ పిల్ల, మంచుమల్లి వంటి కథలను గ్రిమ్ సోదరులు ప్రజల నోటినుండి సేకరించి 1812లో మొదటి సంపుటం అచ్చువేశారు. అమ్మమ్మలు చెప్పే కథలు కూడ భద్రపరచదగిన ధనమని వారు గుర్తించారు.

ఆ సోదరులే జర్మను భాషకు ఒక మహానిఘంటువు రచించడానికి 1838లో పూనుకున్నారు. మొదటి సంపుటం 1854లో వెలువడినది. తమ్ముడు విల్‌హెల్మ్ 1859లోను, అన్న యాకోబ్ 1863లోను మరణించారు. అప్పటికి వారి నిఘంటువు ‘ఎఫ్’ అనే అక్షరం దాటలేదు. తరువాత తరాల పండితులు ఆ పనిని విడువక చేసి 1961లో ముగించారు. మొదలుపెట్టిన నాటినుండి 123 సంవత్సరాలు! ఒక భాషకు సేవ చేయడానికి ఒక జన్మ చాలదని దీనివలన తెలుస్తున్నది.

గేటే అనే మహాకవి 1749 నుండి 1832 వరకు జీవించాడు. కాళిదాసుని శాకుంతలం 1791లో జర్మను భాషలోనికి వచ్చినప్పుడు ఆయన దానిని చదివి ఎంతో మెచ్చుకున్నాడు. పారసీక కవి హాఫిజ్‌ను చదివి ఆయన వ్రాసిన కవితల సంపుటి 1819లో వెలువడినది. తూర్పు దేశాలను అర్థం చేసుకోవలెనని ముసలితనంలో అరబ్బీ అక్షరాలు వ్రాయడం అభ్యాసం చేశాడు. మహాకవి అయి ఉండి పలక పట్టుకొన్న పిల్లవానివలె కూర్చున్నాడన్న మాట.

ఒక జాతి చరిత్రలో వెలుగు మాత్రమే ఉండదు. 1933 నుండి 1945 వరకు జర్మనీ హిట్లరు పాలనలో ఉన్నది. 1933 మే 10వ తేదీన విద్యార్థులే బెర్లిను మొదలైన నగరాలలో గొప్ప రచయితల గ్రంథాలను కుప్పపోసి తగులబెట్టారు. తరువాత సుమారు 60 లక్షలమంది యూదులను ఆ పాలకులు చంపించారు. యుద్ధానంతరం దేశం రెండు ముక్కలయింది. 1961లో బెర్లిను నడుమ గోడ లేచినది. అది 1989 నవంబరు 9న తెరవబడినది. 1990 అక్టోబరు 3న రెండు జర్మనీలు ఏకమైనవి. జర్మను చదివే విద్యార్థి గేటేను చదివినంత శ్రద్ధగా ఈ చీకటి అధ్యాయాన్ని కూడ చదువవలెను. ఇంత విద్య గల జాతి అంత ఘోరం ఎలా చేసినదన్న ప్రశ్నను జర్మను రచయితలే తమను తాము అడుగుకున్నారు. ఆ ప్రశ్నను వారి మాటలలోనే వినగలగడం భాష చదివినవానికి దక్కే లాభాలలో ఒకటి.

మస్కట్ చూచిన యాత్రికుడు

ఇక ఒమాన్‌కు, జర్మనుకు ఉన్న పాత సంబంధాలు రెండు చెప్పుకుందాం.

కార్‌స్టెన్ నీబూర్ ఉత్తర జర్మనీలో ఒక రైతు కుటుంబంలో 1733లో పుట్టాడు. భూమిని కొలిచి పటాలు గీయడం నేర్చుకున్నాడు. డెన్మార్కు రాజు అరేబియాను పరిశీలించడానికి పంపిన బృందంలో 1761లో బయలుదేరాడు. దారిలో అరబ్బీ నేర్చుకున్నాడు. ఆ బృందంలో ఉన్నవారు ఆరుగురు. జ్వరాల వలన 1764 నాటికి ఐదుగురు మరణించారు. ఆఖరివాడు బొంబాయిలో కన్నుమూశాడు. నీబూర్ ఒక్కడే మిగిలాడు. అయినా అతడు పని మానలేదు. బొంబాయి నుండి ఓడ ఎక్కి 1765 జనవరిలో మస్కట్ చేరాడు. మీ కుటుంబాలు విమానంలో దాటి వచ్చిన అరేబియా సముద్రమే అది! మస్కట్ రేవును చూచి పటం గీశాడు. ఆ నగరంలో సుమారు 1200 మంది భారతీయ వర్తకులు ఉన్నారనీ, తమ ఆచారాల ప్రకారం జీవించడానికి వారికి స్వేచ్ఛ ఉన్నదనీ వ్రాశాడు. అతని అరేబియా వర్ణన 1772లో జర్మను భాషలో అచ్చయినది. ఒమాన్‌లో భారతీయుల జీవితం గురించి రెండు వందల యాభై ఏండ్ల క్రిందటి సాక్ష్యం ఇలా ఒక జర్మను గ్రంథంలో దాగి ఉన్నది.

జర్మనులో వ్రాసిన రాజకుమారి

రెండవ కథ ఒక రాజకుమారిది. ఒమాన్‌ను, జాంజిబార్ ద్వీపాన్ని కలిపి ఏలిన సయ్యిద్ సయీద్ సుల్తానుకు 1844లో జాంజిబార్‌లో సల్మా అనే కుమార్తె పుట్టింది. ఆ కాలంలో అంతఃపుర బాలికలకు చదవడం నేర్పేవారు గాని వ్రాయడం నేర్పేవారు కారు. సల్మా ఎవరికీ తెలియకుండా, ఒంటె భుజపు ఎముకను పలకగా చేసుకొని, పవిత్ర గ్రంథంలోని అక్షరాలను చూచి దిద్ది వ్రాయడం నేర్చుకుంది.

ఆమె హాంబుర్గు నగరానికి చెందిన ఒక వర్తకుణ్ణి వివాహమాడి 1867లో జర్మనీకి వెళ్ళింది. అక్కడ ఎమిలీ రూటె అనే పేరుతో జీవించింది. మూడేండ్లకే, 1870లో, భర్త ప్రమాదంలో మరణించాడు. ముగ్గురు పసిపిల్లలు. తెలియని దేశం, తెలియని చలి, తెలియని భాష. ఆమె జర్మనును పట్టుదలతో నేర్చుకుంది. అరబ్బీ పాఠాలు చెప్పి పిల్లలను పోషించింది. తమ తల్లి ఎక్కడనుండి వచ్చిందో పిల్లలకు తెలియవలెనని తన బాల్యాన్ని గురించి వ్రాయడం మొదలుపెట్టింది. ‘ఒక అరబ్బు రాజకుమారి స్మృతులు’ అనే పేరుతో ఆ గ్రంథం 1886లో జర్మను భాషలో వెలువడినది. తరువాత ఇంగ్లీషు, అరబ్బీ మొదలైన భాషలలోనికి వెళ్ళినది. ఆమె 1924లో మరణించింది.

ఆమె జీవితంలోని ఒక విశేషాన్ని జాగ్రత్తగా గమనించండి. పరభాష నేర్చినంత మాత్రాన ఆమె స్వభాషను విడువలేదు. ఇంటి భాష ఆమెకు జీవనాధారమయింది. నేర్చిన భాష ఆమె గొంతుకను లోకానికి వినిపించింది. రెండూ ఉన్నందుననే ఆ గ్రంథం పుట్టినది.

తెలుగు నేర్చిన జర్మనుడు

ఇదే పని తలక్రిందుగా చేసినవాడు బెంజమిన్ షుల్జ్. ఆయన 1719లో జర్మనీ నుండి మతప్రచారకుడుగా దక్షిణ భారతానికి వచ్చాడు. మద్రాసులో తెలుగువారిని కలిసి తెలుగు నేర్చుకున్నాడు. 1728లో తెలుగు భాషకు లాటినులో ఒక వ్యాకరణం వ్రాశాడు. అది చిన్నయసూరి బాలవ్యాకరణం కంటె నూరేండ్లకు పైగా పూర్వపుది. 1743లో స్వదేశం తిరిగి వెళ్ళి, హాల్లె నగరంలో తెలుగు చిన్న పుస్తకాలను అచ్చువేయించాడు. తెలుగు మొదట అచ్చెక్కినది తెలుగునేల మీద కాదు, జర్మనీలో! కాని ఆయన వ్యాకరణానికి మాత్రం అంత అదృష్టం కలుగలేదు. ఆ వ్రాతప్రతి 256 సంవత్సరాలు పడి ఉండి, 1984లో హాల్లెలోనే అచ్చయినది. దానిని వెదకి చదివి అచ్చుకు సిద్ధం చేయడానికి భాషలు చదివినవారే కావలసి వచ్చినది.

ఈ చదువు వలన ఉపయోగమేమి?

పెద్దలు తరచు ఒక ప్రశ్న వేస్తారు: “భాష చదివితే కూడు పెడుతుందా?” ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. ఇల్లు విడిచి దూరదేశం వచ్చి కష్టపడే తల్లిదండ్రులు పిల్లల భవిష్యత్తును గూర్చి అడుగక ఎవరు అడుగుతారు? దానికి నిజమైన సమాధానం చెప్పుకోవలెను.

జర్మను బాగుగా వచ్చినవారికి అనువాదకులుగా, దుబాసీలుగా, ఉపాధ్యాయులుగా, యాత్రికుల మార్గదర్శకులుగా పనులున్నవి. జర్మను కంపెనీల కార్యాలయాలలో, హోటళ్ళలో, విమాన సంస్థలలో కూడ అవకాశాలున్నవి. పై చదువులకు జర్మనీ వెళ్ళవచ్చు. 1925లో ఏర్పడిన జర్మను విద్యా వినిమయ సంస్థ విదేశీ విద్యార్థులకు విద్యార్థి వేతనాలు ఇస్తుంది.

అయితే అరకొర భాషకు విలువ లేదు. ఐరోపాలో భాషా జ్ఞానాన్ని ఏ-1, ఏ-2, బి-1, బి-2, సి-1, సి-2 అని ఆరు మెట్లుగా విభజించారు. మొదటి రెండు మెట్లు ఎక్కినవాడు బజారులో బేరం చేయగలడు. జర్మనులో బోధించే విశ్వవిద్యాలయంలో చేరడానికి సాధారణంగా సి-1 మెట్టు వరకు ఎక్కవలెను. రోజూ చదవాలి, వినాలి, తప్పులు వచ్చినా మాట్లాడాలి. చాలామంది మధ్యలో ఆగిపోతారు. భాషతో పాటు వాణిజ్యమో, చరిత్రో, యాత్రా నిర్వహణో మరొక విషయం తెలిసినవారికి పని త్వరగా దొరుకుతుంది.

“ఇప్పుడు యంత్రాలే అనువాదం చేస్తున్నవి కదా, మనిషి ఎందుకు?” అని మీరు అడుగవచ్చు. యంత్రం చాలా పనులు చేస్తున్నమాట నిజమే. కాని ఇంగ్లీషులోని ఒక్క మాటను చూచి ఇక్కడ నువ్వు అనాలా, మీరు అనాలా, డూ అనాలా, జీ అనాలా అని నిర్ణయించడానికి ఎదుటనున్నవారెవరో తెలియాలి. అనువాదం తప్పయితే జవాబుదారీ వహించేందుకు ఒక మనిషి ఉండాలి. ఆసుపత్రిలో రోగి బాధను వైద్యునికి చెప్పేటప్పుడు, న్యాయస్థానంలో సాక్షి మాటను వినిపించేటప్పుడు ఆ జవాబుదారీ ఎంత పెద్దదో ఆలోచించండి.

పునాది

పైన చెప్పిన విషయాలను ఒక్కసారి నెమరువేసుకోండి. విభక్తులు తెలిసినవానికి జర్మను విభక్తులు తేలికయినవి. సమాసాలు తెలిసినవాడు పొడుగుమాటలను విడదీయగలిగాడు. మీరు అనే మాటలోని మన్నన తెలిసినవాడు ‘జీ’ని అర్థం చేసుకున్నాడు. ఇవన్నీ ఎక్కడివి? మన తెలుగు తరగతిలోవే.

ఒమాన్‌లో పెరిగే తెలుగు పిల్లల చెవిని ప్రతిదినం ఎన్ని భాషలు సోకుతాయో లెక్కపెట్టండి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ, వీధిలో అరబ్బీ, ఇరుగుపొరుగున మలయాళం, తమిళం, ఉర్దూ. ఇంత సంపద తెలుగునేలమీద చాలామంది పిల్లలకు లభించదు. అయితే అన్ని భాషలు కొంచెం కొంచెం వచ్చి, ఏ ఒక్క భాషలోను ఒక ఉత్తరం తిన్నగా వ్రాయలేని స్థితి రాకూడదు. అమ్మమ్మకు ఫోనులో తెలుగులో నాలుగు మాటలు చెప్పలేని పిల్లవాడు రేపు గేటే కవిత్వాన్ని ఎవరికి వినిపిస్తాడు? ఏ భాషలోనికి తెస్తాడు?

జర్మను నుండి నేరుగా తెలుగులోనికి అనువదించగలవారు నేడు బహు కొద్దిమంది. జర్మను గ్రంథాలు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగా మనకు చేరుతున్నవి. చేయి మారినకొద్దీ నీరు ఒలికిపోయినట్లు, భాష మారినకొద్దీ రసం తగ్గుతుంది. మీలో ఒక్కరైనా ఆ నీటిని మూలంనుండి తిన్నగా తేగలిగితే తెలుగుకు ఎంతో మేలు. అందుకు రెండు చేతులూ బలంగా ఉండాలి: ఒక చేయి జర్మను, ఒక చేయి తెలుగు.

కొత్త మాటలు

దుబాసి: ఇద్దరి నడుమ ఒకరి మాటను మరొకరి భాషలో చెప్పేవాడు
వ్రాతప్రతి: చేతితో వ్రాసిన గ్రంథం
కాకతాళీయం: అనుకోకుండ ఒకేసారి జరిగినది
విగ్రహవాక్యం: సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే వాక్యం
భాష్యం: గ్రంథానికి వ్రాసిన వివరణ
ఫలజ్: ఒమాన్‌లో ఊరికి, తోటలకు నీరు తెచ్చే పురాతనమైన కాలువ

ప్రశ్నలు

1. ‘సీత వచ్చింది’, ‘మేడ్‌షెన్’ అనే రెండింటికీ గల పోలికను వివరించండి.
2. 1816వ సంవత్సరం భాషాచరిత్రలో ఎందుకు ముఖ్యమైనది?
3. నీబూర్ తోటివారందరూ మరణించినా పని మానలేదు. అతని గ్రంథం వలన ఒమాన్‌లోని భారతీయులను గూర్చి ఏమి తెలుస్తున్నది?
4. సల్మా జీవితంలో స్వభాష, పరభాష ఒకదానికొకటి ఎలా తోడ్పడినవి?
5. షుల్జ్ వ్యాకరణం అచ్చుకావడానికి ఎన్ని ఏండ్లు పట్టినది? అంతకాలం ఆగడం వలన తెలుగువారికి కలిగిన నష్టమేమి? ఆలోచించి వ్రాయండి.

చేయండి

మీ ఇంట్లో, వీధిలో, బడిలో ఒక వారం రోజులలో వినిపించిన భాషల పేర్లు వ్రాయండి. ఒక్కొక్క భాషలో తల్లి, నీరు, పేరు, మూడు అనే మాటలను అడిగి తెలుసుకొని పట్టిక వేయండి. ఏ మాటలు ఒకదానినొకటి పోలి ఉన్నవో గుర్తించి తరగతిలో చెప్పండి.